అడ్డుపడింది ఎవరో చెప్పండి

“బిడ్డా, కంప్యూటర్ నేనే ఖరాబ్ చేసిన.”

బతుకమ్మకు ఇంకా రెండు వారాలుందనగా ఒక శుక్రవారం రాత్రి నాన్న ఫోన్ చేసి అన్న మొదటి మాట ఇది. తిన్నావా, పిల్లలు పడుకున్నారా అని కూడా అడగలేదు. ఆ గొంతు విని నేను ముందు ఆయన ఆరోగ్యం సంగతేమో అనుకున్నాను. కాదని తెలిశాక ఊపిరి పీల్చుకుని, “పోతే పోయిందిలే నాన్నా, పాత కంప్యూటరే కదా” అన్నాను. అనకూడని మాట అది. అవతల కాసేపు ఏమీ వినపడలేదు.

ఆయన బాధ కంప్యూటర్ కోసం కాదు, మూడు సీడీల కోసం. మా నానమ్మ బతుకమ్మ పాటలు పాడుతుంటే మా అత్తమ్మ 1996లో టేప్ రికార్డర్ ముందు కూర్చోబెట్టి రికార్డు చేసింది. తొంభై నిమిషాల క్యాసెట్లు రెండు. 2005లో నాన్న వాటిని కోఠీలో ఒక షాపులో ఇచ్చి మూడు సీడీలు చేయించారు. మా ఇంట్లో నానమ్మ గొంతు ఇక ఆ మూడింటిలోనే ఉంది. ఈసారి పండక్కి హన్మకొండ నుంచి అత్తమ్మ, ఆమె కూతుళ్లు వస్తున్నారు. తలా ఒక సెట్టు చేసి ఇద్దామని ఆయన ఆశ. ఇలా షాపుల్లోనో ఇంట్లోనో రాసిన సీడీలు ఎన్నాళ్లుంటాయో చెప్పలేం. అచ్చు వేసిన సినిమా సీడీ లాంటివి కావవి. లోపల ఒక రంగు పొర ఉంటుంది, వేడికీ ఎండకూ అది పాడవుతుంది. పద్మారావునగర్‌లో మా ఇంటి బీరువా ఉన్న గోడకు సాయంత్రం ఎండ కొడుతుంది. కాబట్టి ఆయన తొందర న్యాయమైనదే.

కంప్యూటర్‌లోని సీడీ డ్రైవ్ కొన్నప్పుడు దానితోపాటు సీడీలు రాసుకునే సాఫ్ట్‌వేర్ డిస్కు ఒకటి వచ్చింది. 2012లో సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్‌లో ఆ కంప్యూటర్ అసెంబుల్ చేయించినప్పటి సంగతి. నాన్న బిల్లులు, వారంటీ కార్డులు, ప్లాస్టిక్ కవర్లతో సహా అన్నీ దాస్తారు. ఆ డిస్కు తీసి ఇన్‌స్టాల్ చేశారు. రీస్టార్ట్ చేయమంటే చేశారు. అంతే, డ్రైవ్ కనిపించడం మానేసింది. భయపడి ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసేశారు. అయినా రాలేదు. బటన్ నొక్కితే ట్రే బయటికి వస్తోంది, లోపలికి వెళ్తోంది, లైటు వెలుగుతోంది. ‘దిస్ పీసీ’లో మాత్రం డ్రైవ్ గుర్తు లేదు. సీడీని కళ్లజోడు గుడ్డతో తుడిచి మూడుసార్లు పెట్టి చూశారట. నాలుగోసారి పెడితే గీతలు పడతాయేమోనని ఆపేశారు.

శనివారం నేను వెళ్లేలోపే ఎదురింటి అబ్బాయి సీపీయూని స్కూటీ మీద పెట్టుకుని సికింద్రాబాద్‌లో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లాడు. అక్కడ పది నిమిషాల్లో తేల్చేశారు. “డ్రైవ్ పోయింది అంకుల్. కొత్తది ఏస్తే అయిపోతది.”

పోలేదు. ఆ సంగతి ఆదివారం మధ్యాహ్నానికి తేలింది. ఎలా తేలిందో చెప్పడం అవసరమే కానీ, నేను చెప్పాలనుకున్న అసలు మాట వేరు. ఆ డ్రైవ్‌కు ఎవరు అడ్డుపడ్డారో ఆ కంప్యూటర్‌లోనే రాసి ఉంది. అది మాత్రం ఆ పేరు తెర మీద చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల తప్పు ముందు డ్రైవ్ మీద పడింది, తర్వాత డెబ్బై నాలుగేళ్ల మా నాన్న చేతుల మీద పడింది. ఇది చిన్న లోపం కాదని నా అభిప్రాయం.

లైటు వెలిగితే సరిపోదు

నేను బ్యాంకు ఉద్యోగిని, ఇంజినీరును కాను. కానీ లాక్‌డౌన్ రోజుల్లో ఇంట్లో మూడు పాత కంప్యూటర్లతో కుస్తీ పట్టి కొన్ని సంగతులు నేర్చుకున్నాను. వాటిలో మొదటిది: విండోస్ ఏమంటోందో వినే ముందు బయోస్ ఏమంటోందో చూడాలి. విండోస్ కన్నా ముందు లేచి కంప్యూటర్ భాగాలను పలకరించే ప్రోగ్రాము అది. ట్రే తెరుచుకుందంటే కరెంటు అందుతోందని మాత్రమే అర్థం. బయోస్ తెరలో డ్రైవ్ పేరు, మోడల్ నంబరు కనిపించాయంటే డేటా కేబుల్ కూడా బాగానే ఉంది, డ్రైవ్ మదర్‌బోర్డుకు బదులిస్తోంది అని అర్థం. నాన్న డ్రైవ్ పేరు అక్కడ నిక్షేపంలా ఉంది.

తర్వాత విండోస్‌లో పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్ తెరిచాను. డ్రైవ్ పేరు పక్కన పసుపు త్రికోణం. డబుల్ క్లిక్ చేస్తే, ఈ పరికరం డ్రైవర్‌ను (దాన్ని నడిపించే చిన్న ప్రోగ్రామును) లోడ్ చేయలేకపోతున్నాం, అది పాడైపోయి ఉండొచ్చు లేదా లేకపోయి ఉండొచ్చు, కోడ్ 39 అని ఉంది. ఆ వాక్యాన్ని నాన్న నా పక్కన నిలబడి రెండుసార్లు చదివారు. “పాడైపోయి ఉండొచ్చు అన్నడు కదా. నేనే పాడుచేసిన” అన్నారు. ఆ వాక్యం ఆయనకు అలా అర్థం కావడంలో ఆయన తప్పేమీ లేదు.

అందరూ చెప్పే మందులు వరుసగా వేశాను. డివైస్ మేనేజర్‌లో ఆ డ్రైవ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేశాను. చాలామందికి దీంతోనే నయమవుతుంది. మాకు కాలేదు. డ్రైవర్ అప్‌డేట్ అంటే, ఉన్నదే అన్నిటికన్నా మంచిది అంది. సిస్టమ్ రిస్టోర్‌తో నాలుగు రోజులు వెనక్కి వెళ్దామంటే, దాన్ని ఎప్పుడూ ఆన్ చేసి పెట్టుకోలేదు.

అప్పుడు మా ఆఫీసులో ఒక తమ్ముడు చేసిచ్చిన పెన్‌డ్రైవ్ గుర్తొచ్చింది. విండోస్‌కు బదులు వాడుకునే ఉబుంటు అనే సిస్టమ్ అందులో ఉంది. హార్డ్ డిస్క్‌లో ఏదీ ముట్టుకోకుండా, విండోస్‌ను పక్కన పెట్టి, పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్‌ను లేపొచ్చు. అలా లేపి మొదటి సీడీ పెట్టాను. గిర్రున తిరిగింది. తర్వాత పాత స్పీకర్లలోంచి చప్పట్లు, ఆ చప్పట్ల మధ్య నానమ్మ గొంతు. పాట మధ్యలో ఆగి, “తిరుగుతున్నదా అది?” అని టేప్ రికార్డర్ గురించి అడుగుతుంది. వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. నాన్న కుర్చీ లాక్కుని కూర్చుని పాట మొత్తం అయ్యేదాకా కదల్లేదు.

డ్రైవ్‌లో ఏ లోపమూ లేదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పైపు కోసి వెళ్లిపోయినవాడు

మరి విండోస్‌లో ఎందుకు రావడం లేదు? నాన్నకు నేను చెప్పిన తీరులోనే ఇక్కడ రాస్తాను.

మన అపార్ట్‌మెంట్‌లో ట్యాంకు నుంచి నల్లాకు ఒక పైపు వస్తుంది. ఒకాయన అద్దెకు దిగి, తన ఫ్లాటుకు నీళ్లు ఇంకొంచెం బాగా రావాలని మెయిన్ పైపును మధ్యలో కోసి ఒక ఫిల్టర్ బిగించుకున్నాడు. ఇక బిల్డింగ్ నీళ్లన్నీ ఆ ఫిల్టర్ గుండానే పోవాలి. కొన్నాళ్లకు ఖాళీ చేస్తూ ఫిల్టర్ ఊడదీసుకుని పోయాడు, పైపు మాత్రం అలాగే వదిలేశాడు. ట్యాంకు నిండా నీళ్లున్నాయి, నల్లాలు బాగున్నాయి. చుక్క నీరు రాదు.

విండోస్‌లో సీడీ డ్రైవ్‌కు ప్రోగ్రాముకు మధ్య సరిగ్గా ఇలాంటి పైపే ఉంటుంది. అసలు పని చేసేది విండోస్‌తోపాటు వచ్చే సీడీరామ్ డ్రైవర్. దానికి పైనా కిందా ఇతర సాఫ్ట్‌వేర్లు తమ ఫిల్టర్ డ్రైవర్లను బిగించుకోవచ్చు. డిస్కులు రాసే ప్రోగ్రాములు, లేని డ్రైవ్‌ను ఉన్నట్టు చూపించే వర్చువల్ డ్రైవ్ ప్రోగ్రాములు ఎక్కువగా ఈ పని చేస్తాయి. సీడీలు రాయడం కోసం ఒకప్పుడు ఐట్యూన్స్ కూడా ఇలాంటి ఫిల్టర్‌ను పెట్టేది. ఎవరెవరు బిగించుకున్నారో, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో రెండు వరుసల్లో రాసి ఉంటుంది: అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్. కంప్యూటర్ లేచిన ప్రతిసారీ విండోస్ ఆ జాబితా చదివి ఒక్కొక్కరినీ పిలుస్తుంది. పిలిచిన పేరు పలకకపోతే డ్రైవ్ మొత్తాన్నీ ఆపేస్తుంది.

నాన్న పెట్టిన సాఫ్ట్‌వేర్ విండోస్ 7 నాటిది. కంప్యూటర్ మధ్యలో విండోస్ 10కి మారింది. ఆ పాత ఫిల్టర్‌ను కొత్త విండోస్ లోపలికి రానివ్వలేదు. తర్వాత నాన్న సాఫ్ట్‌వేర్‌ను తీసేస్తే ఫైలు పోయింది కానీ జాబితాలో పేరు మిగిలిపోయింది. డ్రైవర్ల ఫోల్డర్‌లో వెతికితే ఆ పేరుతో ఏ ఫైలూ లేదు. లేని మనిషి కోసం విండోస్ రోజూ పిలుస్తోంది, పలకలేదని రోజూ తలుపు మూసేస్తోంది.

జాబితా మొత్తాన్నీ ముందు ఒక ఫైలుగా బయటికి తీసి దాచాను. తర్వాత ఆ ఒక్క పేరు తీసేసి రీస్టార్ట్ చేశాను. డ్రైవ్ వచ్చేసింది.

ఇది చదివి ఎవరైనా చేయబోతే ఒక్క మాట వినండి. ఇలాంటి జాబితాలు సీడీ డ్రైవ్‌కు ఒక్కదానికే కాదు, దాదాపు ప్రతి పరికరానికీ ఉంటాయి. వాటి పేర్లు పొడుగాటి అంకెల గొలుసులు. ఆ గొలుసులో మొదటి ముక్క 965తో ముగిస్తే అది సీడీ డ్రైవ్. 967తో ముగిస్తే హార్డ్ డిస్క్. 96బీ అయితే కీబోర్డ్. తేడా ఒక్క అక్షరం. హార్డ్ డిస్క్, కీబోర్డ్ జాబితాల్లో కూడా అప్పర్ ఫిల్టర్స్ ఉంటాయి, కానీ అక్కడ ఉండేవి విండోస్ సొంత మనుషులు. వాళ్లను తీసేస్తే కీబోర్డ్ పలకదు, లేదా కంప్యూటరే లేవదు. బ్యాకప్ తీసుకోకుండా, మొదటి ముక్కను రెండుసార్లు చూసుకోకుండా చేయి పెట్టొద్దు.

షాపు అబ్బాయి మాట

సోమవారం సాయంత్రం నేను ఆ షాపుకు వెళ్లాను. తగాదాకు కాదు. సీపీయూ తెచ్చుకునేటప్పుడు అక్కడ ఒక పవర్ కార్డ్ మర్చిపోయారు. ఎలాగూ వెళ్లాను కదా అని జరిగింది చెప్పాను. ఆ అబ్బాయికి ఇరవై నాలుగేళ్లుంటాయేమో. కోపం తెచ్చుకోలేదు. బల్ల మీద, కింద, మెట్ల మీద మొత్తం పద్నాలుగు సీపీయూలు వరుసగా ఉన్నాయి.

“ఆ రిజిస్ట్రీ సంగతి నాకు ఎరికేనక్కా. కానీ గంటసేపు కూసొని ఒక పేరు తీసేసిన అని చెప్తే మీరు పైసలు ఇస్తరా? కొత్త డ్రైవ్ ఏసిన అంటే ఇస్తరు. వస్తువు చేతిల కనవడాలె.”

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నేను ఇవ్వను. ఇచ్చినా బేరమాడతాను. మనమంతా అంతే. వస్తువుకు డబ్బులిస్తాం, ఆ వస్తువు అక్కర్లేదని తెలుసుకున్న తెలివికి ఇవ్వం. వెయ్యి రూపాయల చిల్లరతో కొత్త డ్రైవ్ వస్తుంటే, గంట సమయం పెట్టి కారణం వెతకడం అతనికి నష్టమే. “పోయింది” అనే మాట అతని నోట అంత సులువుగా రావడానికి సగం కారణం నాలాంటి కస్టమర్లే. ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు రిపేరు షాపుల మీద ఇంకా గట్టిగా రాయాలనుకున్నాను. ఆ అబ్బాయి మాట విన్నాక అలా రాయలేను.

ఒక్కటి మాత్రం అడిగాను. “కొత్త డ్రైవ్ పెట్టినా అదే పసుపు గుర్తు వచ్చేది కదా తమ్ముడూ?” ఆ జాబితా ఆ ఒక్క డ్రైవ్‌ది కాదు. ఆ కంప్యూటర్‌కు తగిలించే ప్రతి సీడీ డ్రైవ్‌దీ. యూఎస్‌బీతో బయట తగిలించేది కొన్నా దానికీ అదే గతి. అతను తల ఊపాడు. “అప్పుడు ఫార్మాట్ కొడతుంటిమి.”

ఫార్మాట్ కొడితే డ్రైవ్ వస్తుంది, నిజమే. కానీ ఎన్నో ఏళ్లుగా నాన్న టైపు చేసుకున్న పాఠాలు, పెన్షన్ కాగితాల స్కాన్లు, నా కూతురి చిన్నప్పటి ఫొటోలు? బ్యాకప్ తీసుకున్నారా అని ఎవరు అడుగుతారు, ఆయన ఏమని చెప్తారు? లేని ఫైలు తాలూకు ఒక్క పేరు కోసం ఇదంతా.

కాకి, తాటిపండు

ఇన్‌స్టాల్ చేశాక ఆగిపోయింది కాబట్టి ఇన్‌స్టాల్ చేసిందే కారణం అని కళ్లు మూసుకుని చెప్పేయాలా అంటే, కాదు. ఇందులో నేను ఒకసారి దెబ్బతిన్నాను.

రెండేళ్ల కిందట, దసరా అయిన వారంలోనే, కూకట్‌పల్లిలో మా పై వాటాలో ఉండే పిన్నిగారి డీవీడీ డ్రైవ్ కనిపించకుండా పోయింది. వాళ్లబ్బాయి ఆ ముందురోజే కొత్త యాంటీవైరస్ వేశాడు. నేను అదే దొంగ అని తీర్మానించుకున్నాను. రెండు సాయంత్రాలు ఆ యాంటీవైరస్‌ను తీసి, పెట్టి, రిజిస్ట్రీ గాలించి అలసిపోయాను. మూడో రోజు పిన్నిగారు మాటల్లో చెప్పారు, ఆయుధ పూజకు సీపీయూని బయటికి లాగి, పక్క మూత కూడా ఊడదీసి దుమ్ము దులిపి, బొట్టు పెట్టారని. మూత తీసి చూస్తే డ్రైవ్ డేటా కేబుల్ సగం ఊడి ఉంది. వేలితో నొక్కితే సరిపోయింది.

కాకి వాలడం, తాటిపండు పడటం. కాకతాళీయం అన్న మాట మనకు ఊరికే రాలేదు. ఆ రోజు నేను చేయాల్సిన మొదటి పని బయోస్ చూడటం. అక్కడ డ్రైవ్ పేరు లేకపోతే ఏ సాఫ్ట్‌వేర్‌నూ అనుమానించే పనే లేదు, కేబుల్ చూడాలి. నాన్న కంప్యూటర్ దగ్గర బయోస్‌తో మొదలుపెట్టడానికి ఆ రెండు సాయంత్రాలే కారణం.

డ్రైవ్‌లు నిజంగా పోవడమూ ఉంది. సీడీకి ఒక లేజర్, డీవీడీకి వేరే లేజర్.  సీడీలు చదువుతూ ఏ డీవీడీనీ చదవడం లేదంటే ఒక లేజర్ నీరసించి ఉండొచ్చు. దానికి ఏ రిజిస్ట్రీ మందూ లేదు. షాపు అబ్బాయి అన్నమాట చాలా సందర్భాల్లో నిజమే అవుతుంది. నా పట్టు ఒక్కదాని మీదే: ఏది నిజమో తేల్చుకునే సమాచారం వాడేవాడికి ఇవ్వండి.

విండోస్ పక్షాన ఒక మాట

ఒక్క ఫిల్టర్ పలకకపోతే దాన్ని వదిలేసి మిగతా పైపు నడిపించొచ్చు కదా, మొత్తం ఎందుకు మూసేయాలి? మొదట నాకూ ఇదే కోపం వచ్చింది. రెండు రోజులు ఆలోచించాక తగ్గింది.

ఫిల్టర్లన్నీ అలంకారానికి ఉండవు. కొన్ని డిస్క్‌లోని సమాచారాన్ని సంకేత భాషలోకి మార్చి దాచే ఫిల్టర్లు. అలాంటిది పలకలేదని దాన్ని దాటేసి డిస్క్ మీద రాస్తే, దాచాల్సింది బాహాటంగా రాసినట్టవుతుంది, లేదా ఉన్నది చెరిగిపోతుంది. జాబితాలో ఉన్న పేరు ఎంత ముఖ్యమైనదో విండోస్‌కు తెలియదు. తెలియనప్పుడు ఆగిపోవడమే నయం. ఇంట్లో గ్యాస్ వాసన వస్తుంటే ఎక్కడి నుంచో తెలియకపోయినా ముందు సిలిండర్ కట్టేస్తాం. ఇదీ అంతే.

పాత సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల మీద కూడా నాకు ఒక విషయంలో కోపం లేదు. ముందు ముందు ఏ విండోస్ వస్తుందో అప్పుడు వాళ్లకెలా తెలుస్తుంది? కానీ తీసేసేటప్పుడు జాబితాలోంచి తమ పేరు తీసుకోవడానికి భవిష్యత్తు తెలియక్కర్లేదు. తాము రాసిన పేరే అది. దాన్ని చెరపకుండా వెళ్లిపోవడానికి మాత్రం నాకు ఏ సమర్థనా కనిపించలేదు.

విండోస్ ఆగిపోవడం సరే, పేరు చెప్పకుండా ఆగిపోవడం సరికాదు. “ఫలానా ఫిల్టర్ దొరకడం లేదు, అందుకే డ్రైవ్‌ను ఆపాను” అని ఒక్క వాక్యం తెర మీద రాస్తే ఏం పోయేది? ఆ పేరు దాని జాబితాలోనే ఉంది. దాన్ని పిలిచిందీ, పలకలేదని గుర్తించిందీ అదే. చెప్పింది మాత్రం డ్రైవర్ పాడైపోయి ఉండొచ్చని. షాపు అబ్బాయి ఆ పేరు చూస్తే ఇది డ్రైవ్ తప్పు కాదని నిమిషంలో చెప్పేవాడు. ఆ పేరు చదివితే నాన్నకే వెలిగేది, మొన్న పెట్టి తీసేసిన దాని పేరే ఇది అని.

ఈ అలవాటు కొత్తది కాదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో సీడీ డ్రైవ్ నుంచి డేటా వచ్చేటప్పుడు తప్పులు దొర్లి ఆ లెక్క ఆరుకు చేరితే, వేగంగా నడిచే డీఎంఏ పద్ధతి నుంచి నత్తనడక పీఐఓకి విండోస్ దానంతట అదే మారిపోయేది. చెడ్డ సీడీ ఒకటి పెట్టినా చాలు. ఆ సీడీ తీసేసినా డ్రైవ్ నత్తనడకలోనే ఉండిపోయేది. ఎవరికీ ఒక్క మాట చెప్పేది కాదు. డ్రైవ్ ముసలిదైపోయింది అనుకుని మార్చేసిన ఇళ్లు ఎన్నో ఉండే ఉంటాయి.

తెలిసినవాడి డ్రైవ్ కూడా పోయింది

నాన్న మనసులో మాత్రం తప్పు తనదే అన్న మాట అంత తేలిగ్గా పోలేదు. “నాకు తెల్వక పెట్టిన, తెలిసినోళ్లయితే పెట్టకపోదురు” అన్నారు ఆ రాత్రి భోంచేస్తూ. అప్పుడు ఆయనకు మార్క్ రస్సినోవిచ్ సంగతి చెప్పాను.

2005, నాన్న కోఠీలో సీడీలు చేయించిన ఏడాదే. సోనీ బీఎంజీ అమెరికాలో అమ్మిన కొన్ని పాటల సీడీల్లో కాపీ చేయకుండా ఆపే సాఫ్ట్‌వేర్‌ను పెట్టింది. సీడీని కంప్యూటర్‌లో పెట్టి వినబోతే అది లోపలికి దూరి, తన ఫైళ్లు ఎవరికీ కనపడకుండా దాచుకునేది. ఎక్స్‌సీపీ అనే ఆ సాఫ్ట్‌వేర్ కూడా సీడీ డ్రైవ్ పైపులో ఫిల్టర్ బిగించుకునే రకమే. విండోస్ లోతుపాతుల మీద పుస్తకం రాసిన రస్సినోవిచ్ దాన్ని తన సొంత కంప్యూటర్‌లో పట్టుకున్నాడు. పట్టుకుని ఆ ఫైళ్లను తీసేశాడు. తీసేసి చూస్తే ఆయన సీడీ డ్రైవ్ కనిపించడం మానేసింది.

నాన్న ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయారు. “ఆయనది గూడానా?”

ఆయనది కూడా. తేడా ఒక్కటే: ఎక్కడ చూడాలో ఆయనకు తెలుసు. రిజిస్ట్రీలో మిగిలిపోయిన ఫిల్టర్ పేర్లు తీసేసి డ్రైవ్‌ను తిరిగి తెచ్చుకున్నాడు. ఆ అక్టోబరు 31న ఇదంతా రాసి బయటపెట్టాక పెద్ద గొడవైంది, కేసులు పడ్డాయి, నవంబరులో ఆ కంపెనీ ఆ సీడీలను వెనక్కి పిలిపించింది. కానీ ఆయన రాసేలోపు, ఏదో తేడాగా ఉందని తమకు తోచినట్టు తీసేసి డ్రైవ్ పోగొట్టుకున్న మామూలు మనుషులు ఏమనుకుని ఉంటారు? దాచుకోవడానికే తయారైన ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకు పేరు చెప్పే ప్రశ్నే లేదు. ఎవరి ఇంట్లోనో ఒక తండ్రి తన చేతులనే తిట్టుకుని ఉంటాడు.

సీడీల కాలం అయిపోయింది కదా, ఇప్పుడు ఈ గోలెందుకు అని మా ఆఫీసులో ఒకరు అన్నారు. అయిపోలేదు. మొన్న మా మామయ్యకు ఎంఆర్ఐ తీస్తే రిపోర్టుతోపాటు సీడీ చేతిలో పెట్టారు. ఈ ఊళ్లో ఎన్ని ఇళ్ల బీరువాల్లో పెళ్లి డీవీడీలు లేవు? కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవే రావడం లేదు కాబట్టి ఇంట్లో మిగిలిన ఒక్క పాత డ్రైవ్ విలువ ఇంకా పెరిగింది. అది ఆగిపోయిన రోజున దాని ముందు కూర్చునేది ఎక్కువగా పెద్దవాళ్లే. పిల్లలు అమెరికాలోనో, గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టులోనో ఉంటారు.

మంగళవారం నుంచి నాన్న సీడీలను హార్డ్ డిస్క్‌లోకి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టారు. పాత సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లలేదు. తన నోటుబుక్కులో తేదీ వేసి, ఏ ప్రోగ్రాము పెట్టారో, ఏది తీశారో, రిజిస్ట్రీలో మేం చెరిపేసిన ఆ పేరు అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు. మొదటి సీడీ, మూడో సీడీ పూర్తిగా వచ్చాయి. రెండో సీడీలో ఏడో పాట దగ్గర ఆగి, ఈ పాటను చదవలేకపోతున్నానని పాట నంబరుతో సహా తెర మీద చూపించింది. నాన్న సీడీ బయటికి తీసి ట్యూబులైటు కింద వంచి చూశారు.

“ఇగో, ఈడ గీత పడ్డది” అని నాకు ఫోన్‌లో చెప్పారు. గొంతులో బెంగ లేదు. వెంటనే అత్తమ్మకు ఫోన్ చేశారట, పండక్కి వచ్చేటప్పుడు ఆ పాత క్యాసెట్, దానితోపాటు టేప్ రికార్డర్ కూడా పట్టుకు రమ్మని.